రెండు గ్లాసుల రిపోర్టు

అనకాపల్లి, 14 సెప్టెంబరు 2025, ఉదయం 9.10

సుచిత్రా, స్నానం కాగానే నువ్వు రాత్రి రాసిన ఆ విస్కీ రిపోర్టు కంపెనీకి పంపేస్తావు. ఎదురుగా చెప్పలేక రాస్తున్నాను.

వాసన, రుచి చూసి రాసివ్వమని మీ కంపెనీ ఇచ్చిన రెండు బర్బన్‌లు, అవే మొక్కజొన్నతో చేసే అమెరికా విస్కీలు, రాత్రి గ్లాసుల్లో పోసి నా ముందు పెట్టావు. "జొరం తగ్గిన్నుంచి నాకు వాసన తెలట్లేదు మామ్మా. ఆఫీసులో తెలిత్తే ఉద్యోగం పోద్ది. బెల్లం వాసన సూసి ఏ ఊరిదో సెప్పీదానివి, ఇయ్యేటో సెప్పలేవా?" అన్నావు.

"మామ్మ సారా పట్టిందని ఊరంతా సాటకే" అని గ్లాసెత్తాను. రై అనే గోధుమలాంటి గింజ ఇరవై శాతం పడినదానిలో దాల్చినచెక్క అన్నాను. ముప్ఫై అయిదు పడినదానిలో మిరియాలు, లవంగం అన్నాను. నువ్వు నా కాళ్లకు దండం పెట్టి అన్నీ రాసుకున్నావు.

అవన్నీ నువ్వు అటు తిరిగినప్పుడు సీసాల వెనక చీటీల మీద చదివి చెప్పాను. నాలుగేళ్ల కిందటి జ్వరంలోనే నా ముక్కు పోయింది. మన బెల్లం దుకాణంలో రంగు చూసి నెట్టుకొస్తున్నాను. రాత్రి నావల్ల కాదంటే ఆ గుట్టు బయటపడుతుందని భయపడ్డాను.

ఇక జరగవలసినవి:

1. రిపోర్టు పంపకు.
2. మీ ఆఫీసరుకు నిజం చెప్పు.
3. నేను మీ నాన్నకు చెప్పి దుకాణం మానుకుంటాను.
4. గ్లాసులు రెండేసి సార్లు తోము. వాసన పోయిందో లేదో మనిద్దరిలో ఎవరికీ తెలియదు.