విజిల్ ఇంట్ల వెట్టిపో

నా గుప్పిట్లో విజిల్ తడిసిపోయింది.

దుబాయ్ పక్కనున్న ఈ అజ్మాన్‌లో ఫిబ్రవరి పొద్దున చెమట పట్టదు. పట్టిందంటే అది ఎండది కాదు, గుండెది.

స్కూలు గ్రౌండ్‌లో తెల్లగీత మీద ఇరవై మంది పిల్లలు. చివర మా నవత. ఎనిమిదేళ్లు. కొత్త బూట్లు. ఇవాళే మొదటి పరుగు.

నేను సైటు మీద క్రేన్లకు సైగలు చేసేవాణ్ణి. ఊదడం నా ఉద్యోగం. ఊదకపోతే అది ఊడుతుంది. విజిల్ వినపడితే ఎంత బరువైనా ఉన్నచోటే ఆగాలి. చూపుడువేలు ఆకాశానికి పెట్టి గుండ్రంగా తిప్పితే లేవాలి. వేలు తిరిగినంతసేపే క్రేన్ కదులుతుంది. వేలు ఆగిందా, క్రేన్ ఆగాల్సిందే.

ఎత్తడం నా పని. ఎత్తిపొడవడం మా ఆవిడ ఉమాదేవి పని.

నవత గుండెలో రంధ్రంతో పుట్టింది. రెండో ఏట హైదరాబాదులో ఆపరేషన్ చేసి మూశారు. రంధ్రం మూసుకుంది. నా భయమే నోరు మూసుకోలేదు.

అప్పటి నుంచీ ఇంట్లో సైటు చట్టమే. పిల్ల రొప్పితే విజిల్. విజిల్ అంటే కూర్చో. ఊపిరి కుదుటపడ్డాక వేలు తిప్పుతాను. అప్పుడు లే.

ఎంత చక్కగా వినేదో! సైటులో నా కింద ఉన్న ఆరుగురూ కలిసినా అంత వినరు.

ఏటేటా స్కూలుకు ఉత్తరం రాసిచ్చాను. అందరికీ పీటీ పీరియడ్. నా బిడ్డకు పీట పీరియడ్. లైబ్రరీలో.

పోయిన నెల డాక్టరు నవత ఒంటికి వైర్లు తగిలించి మిషన్ మీద నడిపించాడు. కాగితం చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"వేసిన అతుకు బాగుంది. గుండె బాగుంది. దానికి పనే లేదు. ఆరేళ్లు పిల్లను కూర్చోబెట్టారు, గుండె కూడా కూర్చుంది. ఇట్లాగే పెంచితే రేపు కొత్త జబ్బు మీరే తెచ్చిపెడతారు. ఆడనివ్వండి."

ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, పెదాలు నీలం కావడం. ఇవి కనిపిస్తేనే ఆపమన్నాడు.

ఆయన అరగంట చెప్పాడు. నాకు ఈ మూడే వినపడ్డాయి.

ఇవాళ పొద్దున్నే ఉమాదేవి టైలరింగ్ షాపుకు పోతూ గుమ్మంలో ఆగింది.

"విజిల్ ఇంట్ల వెట్టిపో."

"వెట్టిన."

"ఏదీ, గుప్పిట ఇప్పు."

విప్పాను.

"గది ఎడమ చెయ్యి."

నేను మాట మార్చాను. "నువ్వు సుత రారాదు?"

"నేనొస్తే పిల్లను సంకనేసుకొని ఇంటికొస్త. గందుకే రాను." చెప్పులు వేసుకుంటూ తల ఎత్తకుండా అంది. "ఉరుకుడు అయినంకనే ఫోన్ చెయ్. నడుమల చేసినవనుకో, నా పానం పోతది."

గ్రౌండ్ గేటు బయట నిలబడ్డ నాకేసి పీటీ మేడమ్ ఆఫ్రీన్ చెయ్యి ఊపింది, ఏం ఫర్వాలేదన్నట్టు.

విజిల్ ఊదింది.

పందొమ్మిది మంది పరుగెత్తారు.

నవత కూలబడింది.

గేటు ఎట్లా దాటానో తెలియదు. నా చెప్పు ఒకటి మధ్యలోనే ఊడిపోయింది. మోకాళ్ల మీద పడి పిల్ల మొహం పట్టుకున్నాను. పెదాలు చూశాను. నీలమా? నా నీడా?

"ఛాతీల నొస్తుందా బిడ్డా? కండ్లు తిరుగుతున్నయా? చెప్పు!"

ఆఫ్రీన్ పరుగున వచ్చి వంగింది. "చక్కర్ ఆయా బేటా?" ఆమెదీ అదే ప్రశ్న, కళ్లు తిరిగాయా అని.

నవత మా ఇద్దరినీ వింతగా చూసింది. పక్కకు జరిగాను, ఎండ పడింది. పెదాలు గులాబీ రంగులోనే ఉన్నాయి.

"విజిల్ ఊదిన్రు గద డాడీ. గందుకే కూసున్న."

దూరంగా పరుగెత్తుతున్న పిల్లలకేసి చూసింది. గొంతు తగ్గించింది.

"వాళ్లేంది గట్ల ఉరుకుతున్రు? వాళ్లకు వాళ్ల డాడీ చెప్పలేదా?"

ఆఫ్రీన్ నా గుప్పిట చూసింది. విప్పాను. అరచేతిలో విజిల్ అంచు అచ్చు పడి ఉంది.

ఆమె చెయ్యి చాపింది. ఇచ్చేశాను.

పిల్లలందరినీ మళ్లీ గీత మీదికి పిలిచింది. ఈసారి ఊదలేదు. పదండని అరబ్బీలో కేకేసింది.

"యల్లా!"

పందొమ్మిది మంది పరుగెత్తారు.

నవత కూర్చునే ఉంది. మేడమ్‌ను చూడటం లేదు. నన్ను చూస్తోంది. నా చేతిని చూస్తోంది.

ఈ వేలితో పది టన్నుల దూలాలు ముప్పయ్యో అంతస్తుకు లేపాను.

ఇరవై రెండు కిలోల పిల్ల. వేలు లేవడం లేదు.

లేపాను. తిప్పాను.

లేచింది. నాలుగడుగులు నడిచింది. తర్వాత పరుగు.

జడలు ఎగురుతున్నాయి. నోరు తెరుచుకుంది. రొప్పుతోంది. ఆ రొప్పు నాకు ఇక్కడికి వినిపిస్తోంది.

నా రెండో చెయ్యి విజిల్ కోసం అలవాటుగా మెడ దగ్గరికి పోయింది. అక్కడేమీ లేదు.

గోడవైపు మలుపు తిరిగింది. ఇప్పుడు వీపే కనిపిస్తోంది. పెదాలు కనిపించడం లేదు.

జేబులో ఫోన్ మోగింది. ఉమాదేవే. చెయ్యొద్దని చెప్పిన మనిషి.

మిగతా పిల్లలు గీత దాటేశారు. నీళ్లు తాగుతున్నారు.

"భాయ్‌సాబ్," అంది ఆఫ్రీన్ మెల్లగా. "చెయ్యి దించండి."

నవత ఇంకా మలుపులోనే పరుగెత్తుతోంది.

నేను వేలు తిప్పుతూనే ఉన్నాను.