కారుకి కొత్త బుర్ర

"కారుతో పాటు కంపెనీ ఇచ్చిన కంప్యూటర్ ఉండనీవే. సెట్టింగులు కాస్త మార్చడానికి దానికి చిన్న పెట్టె ఒకటి తగిలిస్తే చాలు," అన్నాడు అన్నయ్య, తన మెకానిక్ షెడ్డులో చెల్లెలి టర్బో కారు బానెట్ ఎత్తుతూ.

"వద్దు. దాన్ని పీకేసి కొత్తది పెడదాం. ఇంజిన్‌కి పెట్రోలెంత, గాలెంత, అన్నీ అందులో నేనే సెట్ చేసుకుంటాను."

"రోజూ ఆఫీసుకి వెళ్ళే కారుకి అంత బుర్రెందుకు? పొద్దున్నే చలికి స్టార్టవ్వక చంపుతుంది. సెట్టింగుల్లో తేడా వస్తే ఇంజినే కాలిపోతుంది."

"కాలితే నా ఇంజినే కదా. నేర్చుకుంటాను."

"మొండిఘటం! నీ మంచికే చెప్తున్నానే."

ఆ మాటకి ఆమె ముఖం ఎర్రబడింది.

"మొన్న కొండ దారిలో లారీని దాటుతుంటే కారు ఉన్నట్టుండి నీరసించిపోయింది అన్నయ్యా. ఎదురుగా బస్సు. రోడ్డు దింపేసి ఎలాగో బతికి బయటపడ్డాను. వేరే మెకానిక్‌కి చూపిస్తే, స్పీడు ఎనభై దాటగానే ఇంజిన్‌కి బలమిచ్చే టర్బో ఆగిపోయేలా ఈ కంప్యూటర్‌లో ఎవరో సెట్టింగు మార్చారన్నాడు. అంతకుముందు నువ్వు తప్ప దీన్ని ముట్టుకున్నవాళ్ళెవరూ లేరు."

అన్నయ్య చూపు ఇంజిన్ మీదకి దించాడు.

"నువ్వు స్పీడుగా పోతావని భయమేసిందే," అన్నాడు.

"భయమేస్తే నాతో చెప్పాలి. కారుకి చెప్తావా?"

అతను స్క్రూడ్రైవర్ తీసుకుని పాత కంప్యూటర్ మీదకి వంగాడు. ఆమె స్క్రూడ్రైవర్‌ని అతని చేతిలోంచి లాక్కుంది.

"విప్పేది నేను. నువ్వు లైటు పట్టుకో."