మూగ డిస్కులు

"డిస్కు పెడితే గిర్రున తిరుగుతుంది బాబూ. పలకదు."

పెద్దాయన పాత కంప్యూటర్‌ను బల్ల మీద దించి, ఆయాసపడుతూ చెప్పాడు.

మెకానిక్ తలెత్తి చూశాడు. చేతిలోని స్క్రూడ్రైవర్ అలాగే ఆగిపోయింది.

కనుబొమ్మ మీద ఆ పుట్టుమచ్చ. ఆ సాగదీసే మాట. వాడే!

వెతకబోయిన తీగ కాలికి తగలడమంటే ఇదే.

అంధుల బడి కోసం పాఠాలు చదివి రికార్డు చేసేది మెకానిక్ వాళ్లమ్మ. సెలవు రోజుల్లో తనూ వెంట వెళ్లి, రికార్డింగు జరిగే అద్దాల గది బయట బెంచీ మీద కూర్చునేవాడు. లోపల అమ్మ పెదాలు కదిలేవి. మాట మాత్రం బయటికి వచ్చేది కాదు. ఒకరోజు ఈ పుట్టుమచ్చవాడే, బడి మేనేజర్, అందరి ముందూ, "రేపట్నుంచి మీరు రానక్కర్లేదమ్మా" అన్నాడు. ఎందుకో కూడా చెప్పలేదు.

ఆ తర్వాత అమ్మ ఇంట్లో కూడా పుస్తకం పైకి చదవలేదు. ఆ దిగులుతోనే పోయింది. ఆమె పోయిననాడు కొడుకు ఏడవలేదు, పళ్లు కొరికాడు.

మేనేజర్ అతణ్ని గుర్తుపట్టలేదు. బెంచీ మీది పిల్లాణ్ని ఎవరు పట్టించుకుంటారు?

"కొత్త సీడీ డ్రైవ్ వేసేద్దాం సార్," అన్నాడు మెకానిక్, మాటకు తేనె పూసి.

"వద్దొద్దు! ఈ డిస్కులు ఇందులోనే రాశాను. ఇంకెక్కడ పెట్టినా తెరుచుకోవు. అన్నిచోట్లా చూశాను."

మెకానిక్‌కి సంగతి అర్థమైంది. లెన్స్ పిసరంత పక్కకు జరిగిన డ్రైవ్ అది. అలాంటిదాంట్లో రాసిన డిస్కు ఆ డ్రైవ్‌కే అర్థమవుతుంది, కొందరు డాక్టర్ల చీటీ పక్కనున్న మందుల షాపువాడికే అర్థమైనట్టు.

"అంత ముఖ్యమైనవేం ఉన్నాయి సార్ వీటిలో?"

"ఒక గొంతు." పెద్దాయన డిస్కుల కట్టను నిమిరాడు. "మనిషి పోయింది. ఇదొక్కటే మిగిలింది."

పెళ్లామై ఉంటుందనుకున్నాడు మెకానిక్. మా అమ్మ నోరు మూయించినవాడివి, నీ ఆవిడ మాటలు వింటూ హాయిగా బతుకుదామనుకున్నావా?

"అలా కూర్చోండి సార్. చూస్తాను."

డ్రైవ్ విప్పాడు. పెద్ద రోగమేం కాదు, లెన్స్ మీద దుమ్ము పొర. పుల్లకు దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి తుడిచాడు. ఒక డిస్కు పెట్టాడు. కాసేపు గునిసి, లైటు నిలకడగా వెలిగింది. డ్రైవ్ చదువుతోంది. స్పీకర్ తగిలిస్తే పలికేది.

తగిలించలేదు.

పెద్దాయన గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని వీధిలో వచ్చేపోయేవాళ్లను చూస్తున్నాడు. మెకానిక్ డిస్కు తీసేశాడు. స్క్రూడ్రైవర్ మొనను లెన్స్ మీద ఆనించి, గట్టిగా నొక్కాడు.

టప్.

అమ్మయ్య! ఇన్నేళ్లకు కసి తీరింది.

"లాభం లేదు సార్. లెన్స్ పగిలిపోయింది. ఇక ఈ డిస్కులు కాఫీ కప్పుల కింద పెట్టుకోవడానికే పనికొస్తాయి."

పెద్దాయన మొహం పాలిపోయింది. ఆ మొహాన్ని కళ్లారా చూద్దామని మెకానిక్ కావాలనే ఎదురుగా నిలబడ్డాడు. కానీ పెద్దాయన ఏడవలేదు, తిట్టలేదు. డిస్కులను సంచిలో పదిలంగా సర్దుకున్నాడు.

"పోనీ, ఒక్క సాయం చేసిపెట్టు బాబూ. ముందు వీటిని పలికించి, తర్వాత ఒకబ్బాయిని వెతుకుదామనుకున్నాను. ఈ వీధిలోనే రిపేర్లు చేస్తాడట. అంధుల బడిలో పాఠాలు చదివేదే ఒకావిడ, ఆవిడ కొడుకు. నీకు తెలుసా?"

మెకానిక్ స్క్రూడ్రైవర్‌ను బల్ల మీద పెట్టేశాడు.

"ఆవిణ్ని మాన్పించాలనుకున్నది పైవాళ్లు. చెప్పించింది నా నోటితో. చదివిన పాఠాలన్నీ చెరిపెయ్యమన్నారు కూడా. నాకు చేతులు రాలేదు. ఎవరికీ తెలియకుండా ఇంటికి తెచ్చి, ఈ డ్రైవ్‌లో ఎక్కించుకున్నాను."

"తర్వాత?" అన్నాడు మెకానిక్.

"తర్వాతేముంది, తెలిసిపోయింది. నన్నూ పొమ్మన్నారు." పెద్దాయన నవ్వబోయాడు. "పాపం, ఆ అబ్బాయి దగ్గర వాళ్లమ్మ గొంతు ఒక్క ముక్కైనా ఉండదు. ఇవి వాడికి ఇద్దామనే ఇన్నాళ్లూ దాచాను. వాడి కొట్టు ఎక్కడో కాస్త చూపించు, కనీసం క్షమించమనైనా అడుగుతాను."

బడివాళ్లు చెరిపెయ్యమన్న అమ్మ గొంతును, ఉద్యోగం పోగొట్టుకుని మరీ కాపాడిన ఒకే ఒక్క మనిషి, ఆమె కొడుకు ఎక్కడున్నాడని ఆమె కొడుకునే అడుగుతున్నాడు.