చెల్లెలి తరఫున వకాల్తా

తన డబ్బు కాజేసింది లాండ్రీ ఆమేనని కార్డుల సారుకి క్షణంలో తేలిపోయింది. పెద్ద ఫోనులో వచ్చిన మెసేజి మళ్ళీ చదివాడు. నిన్న నిండుగా ఉన్న ఖాతా ఇవాళ పొద్దున ఖాళీ. ఖాతా ఆమె పేరు మీద ఉంది. ఇంకెవరు తీస్తారు?

పేరు ఆమెది, డబ్బు ఇతగాడిది. అంటే జనం దగ్గర పిండుకున్నది.

ఎప్పుడో ఓ అప్పు చెడి, బ్యాంకుల్లో పేరు పాడైపోయినవాళ్ళకి ప్రీపెయిడ్ కార్డులు అమ్మడం అతని వ్యాపారం. ముందు డబ్బు వేసుకో, తర్వాత ఖర్చు పెట్టుకో. కార్డు ఇచ్చినందుకు రుసుము, డబ్బు వేస్తే రుసుము, తీస్తే రుసుము, ఏమీ చెయ్యకుండా ఊరుకుంటే అందుకూ రుసుము. "అంతా మీ మంచికేనమ్మా" అంటాడు పైగా. అంతకుముందు జిరాక్స్ షాపు నడిపేవాడు. మొహాలు చూడకుండా కాగితాలు మాత్రమే చూసే విద్య అక్కడే అబ్బింది.

ఇంతమందికి దారి చూపించే ఈ మహానుభావుడు తన పేరు మీద చిల్లిగవ్వ దాచుకోలేడు. దాచుకుంటే అప్పులవాళ్ళు ఊడ్చుకుపోతారు. జేబులో ఉన్న చిన్న ఫోను రోజంతా మోగుతూనే ఉంటుంది. తెలియని నంబరైతే ఎత్తడు. పాత గిరాకీ అంతా ఆ నంబరుకే చేస్తారని పారేయడానికి మనసొప్పదు.

ఈ లాండ్రీ ఆమె వచ్చినప్పుడు బేరం భలేగా కుదిరింది.

"నేను జన్మలో అప్పు చెయ్యలేదు సార్. సొంతంగా ఇస్త్రీ మిషను పెట్టుకుందామని బ్యాంకుకి వెళ్తే, పాత అప్పు ఎగ్గొట్టావని నలుగురిలో తిట్టి పంపించారు. మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు. ఇప్పుడేమో మా ఓనరు జీతం చేతికివ్వను, కార్డు తెచ్చుకోమంటున్నాడు."

"అందరూ చెప్పేది ఇదేలే అమ్మా" అని నవ్వాడు. " ఏదీ, వేలు ఇటివ్వు."

కార్డు కోసమని ఒక చోట, మాటల్లో పెట్టి ఇంకో రెండు చోట్ల వేలిముద్ర వేయించుకున్నాడు. ఆమెకి జీతం కార్డు వచ్చింది. ఆమెకి తెలియకుండా ఆమె పేరు మీద బ్యాంకులో ఓ ఖాతా కూడా వచ్చింది. దాని ఏటీఎం కార్డు ఇతని పర్సులోకి వెళ్ళింది. చాకిరీ చేసుకునే ఆడమనిషి ఖాతాని ఎవడు పట్టించుకుంటాడని ధీమా.

ఇప్పుడు ఆ ధీమా కాస్తా ఆవిరైపోయింది. పరుగులాంటి నడకతో లాండ్రీకి వెళ్ళాడు. ఆసుపత్రి దుప్పట్ల గుట్టల మధ్య ఆమె చెమటలు కక్కుతూ పనిచేస్తోంది.

"నా డబ్బేదే?"

"ఏం డబ్బు సార్?"

"నంగనాచి వేషాలు వెయ్యకు. బ్యాంకులో నీ పేరు మీదున్నది!"

"బ్యాంకులో నా పేరు మీద డబ్బుందా?" ఆమె చేతిలో దుప్పటి జారి కిందపడింది.

నటన కాదు. ఆ సంగతి అతనిలాంటి నటుడికి ఇట్టే తెలుస్తుంది. అయితే బ్యాంకువాళ్ళే మింగారన్నమాట. వెంటనే గొంతు మార్చాడు. "చూడమ్మా, పద నాతో. ఆ డబ్బు నీదేనని చెప్పు. అక్కడ నేను మీ అన్నయ్యని. మిగతాది నేను మాట్లాడతా."

"నాదేనని చెప్పాలా?"

"గట్టిగా చెప్పాలి."

"చెప్తే నా పేరు బాగవుతుందా సార్?"

"అవుతుంది, అవుతుంది. సార్ అనకు, అన్నయ్యా అను."

బ్యాంకులో ఆఫీసరమ్మ కంప్యూటరులో చూసి పెదవి విరిచింది. "డబ్బు ఎవరూ తియ్యలేదండీ. ఈవిడ పాత అప్పు మా బ్యాంకుదే. ఈ ఖాతా ఈవిడదేనని మాకు నిన్ననే తెలిసింది. ఉన్నదంతా బాకీ కింద జమ చేసుకున్నాం."

"నేను అప్పు చెయ్యలేదమ్మా" అంది లాండ్రీ ఆమె, ఎవరూ నమ్మరని తెలిసిన గొంతుతో.

ఈసారి కార్డుల సారు నవ్వలేదు. బల్ల మీద దబీమని గుద్దాడు. "మా చెల్లెలు జన్మలో అప్పు చెయ్యలేదు! చచ్చినా అబద్ధమాడదు!" కళ్ళలో నీళ్ళు కూడా తెచ్చుకున్నాడు. ఇన్నాళ్ళకి తన మాట నమ్మిన మనిషి దొరికాడని ఆ పిచ్చితల్లి రెండు చేతులూ జోడించింది.

ఆఫీసరమ్మ కాస్త మెత్తబడింది. "ఫోనులో తీసుకున్న అప్పు ఇది. పంపింది జిరాక్స్ కాగితాలే. వేరే ఎవరో ఈవిడ పేరు వాడుకున్నారని తేలితే అప్పు రద్దు చేసి, డబ్బంతా ఈవిడకే తిరిగిస్తాం. ఇంతకీ ఆ డబ్బు ఎవరిదమ్మా?"

"నాదే" అంది ఆమె గట్టిగా.

"అక్షరాలా దానిదే. రాసుకోండి!" అన్నాడతను.

"రాసుకున్నాను. కానీ అప్పు తీసుకున్నవాళ్ళిచ్చిన నంబరుకి మూడేళ్ళుగా చేస్తున్నాం. మోగుతుంది, ఎవరూ ఎత్తరు."

"మళ్ళీ చెయ్యండి! ఇప్పుడే, మా కళ్ళెదురుగా చెయ్యండి. ఆడకూతురి పేరు బుగ్గిపాలు చేసిన ఆ దొంగవెధవ జైల్లో ఊచలు లెక్కపెట్టేదాకా నేనిక్కడినుంచి కదలను!" బ్యాంకులో వాళ్ళంతా అతనివైపే చూస్తున్నారు. గుమ్మం దగ్గరున్న పోలీసు కూడా దగ్గరికొచ్చాడు.

ఆఫీసరమ్మ ఫోను అందుకుని నంబరు నొక్కింది.

కార్డుల సారు చొక్కా జేబులో చిన్న ఫోను మోగింది.