ఎడమ మడ్‌గార్డు

“ఎడమ పక్క మడ్‌గార్డు జోలికి మాత్రం పోవద్దు సార్” అన్నాడు భీమరావు, రేకు కోసే గ్రైండర్ కింద పెట్టేస్తూ.

“యాల?” అన్నాడు గిరీష్.

“రేకు పల్చనైపొయ్యుండాది. కోస్తే నిలబడదు.”

పుంగనూరులో మదనపల్లె రోడ్డు పక్కన ఉంది భీమరావు టింకరింగ్ షెడ్డు. నెల కిందట గిరీష్ కుప్పం నుంచి ఒక పాత తెల్ల అంబాసిడర్ తెచ్చి, ఫోనులో ఒక బొమ్మ చూపించాడు. టాపు నాలుగంగుళాలు తెగ్గోసి కిందికి దించాలి. బానెట్ తీసేసి ఇంజను బయటికి కనిపించేలా చేయాలి. లావు చక్రాలు పట్టేలా మడ్‌గార్డులు వెడల్పు చేయాలి. బెంగళూరులో ఇలాంటి బండ్ల ప్రదర్శన ఉందట.

భీమరావుది మామూలు చేయి కాదు. టాపు కోసి అతికించాడంటే అతుకు ఎక్కడుందో వెతుక్కోవాల్సిందే. కానీ ఆ బండి నంబరు చూసిన రోజు నుంచి అతనికి అన్నం సయించడం లేదు. పని వద్దంటే ఎందుకొద్దని అడుగుతారు. అందుకే ఒప్పుకున్నాడు.

“కుడి పక్క బాగనే నిలబడిందే?” అన్నాడు గిరీష్. “ఒక పక్క వెడల్పు, ఒక పక్క సన్నం పెట్టుకోని పోతే జనం నవ్వరా?”

“ఆ పక్కకు కొత్త రేకుతో కొత్తది చేసిస్తా. కూలి గూడా వద్దు. పాతది ఈడనే పారేద్దాం.”

“సరే. పాతది నాకియ్యి.”

“అట్ల కుదరదు సార్. కోసిన రేకు షాపుది. మా మేస్త్రీ కాలం నుంచి అదే వాడుక.”

“టాపు రేకు నువ్వే ఉంచుకో అప్పా. ఇది మాత్రం నాది.”

గిరీష్ నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వే భీమరావుకు నచ్చలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడగకుండానే నోరు జారాడు.

“ఆ పక్క దెబ్బేమీ లేదు సార్.”

“దెబ్బ ఉండాదని నేనన్నానా?”

భీమరావు భుజం మీది గుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. చెమట ఆగలేదు.

“పోనీలే. పని అయినాక ట్రయల్‌కు నువ్వే తోలి సూపించల్ల” అన్నాడు గిరీష్.

“నేను బండి తోలను సార్. నాలుగేండ్లయింది స్టీరింగు ముట్టి.”

“పని చేసినోడే ట్రయల్ సూసేది గదా వాడుక?”

“కండ్లు మసకలు సార్.”

వెంట్రుకవాసి తేడాను దూరం నుంచే పట్టేసే మనిషి ఆ మాట అన్నాడు. గిరీష్ వంగి గ్రైండర్ తీసుకుని, తనే ఎడమ మడ్‌గార్డుకు ఆనించాడు. భీమరావు అడ్డం పోబోయి ఆగిపోయాడు. తెల్ల రంగు పోయింది. దాని కింద సొట్టలు పూడ్చే పుట్టీ దుమ్ము పిండిలా రాలింది. వేలెడు మందం పుట్టీ. ఎంత పెద్ద సొట్టనైనా సుత్తితో సాపు చేస్తానని గొప్పలు చెప్పే భీమరావు షెడ్డులో ఇంత పుట్టీ ఏమిటి? చివరికి రేకు బయటపడింది. దాని మీద నెలవంకలా వంగిన లోతైన సొట్ట ఉంది.

గిరీష్ డిక్కీ తెరిచి, గోనెసంచిలోంచి ఒక పాలక్యాను తీశాడు. ఒక పక్క నలిగిపోయింది. దాని అడుగు అంచును సొట్టలో పెట్టాడు. క్యానుకు మూతలా సరిపోయింది.

“గోవిందప్ప అనే ఆయనది ఈ క్యాను. నాలుగేండ్ల కిందట, ఉగాదికి ముందర్రోజు తెల్లవారుజామున సైకిల్లో పాలు తీసకపోతాంటే, చౌడేపల్లె మలుపులో తెల్ల అంబాసిడర్ గుద్దేసి పొయింది. ఆయన ఆడనే పొయినాడు. అది కండ్లారా సూసిన ఆయన భార్య రామలక్ష్మమ్మ పోయినేడు సంతలో ఈ బండిని గుర్తుపట్టి అడ్డం నిలబడింది. ఈ క్యాను ఆయమ్మ ఇచ్చిందే.”

గిరీష్ ఆ చచ్చినాయన బంధువనీ, పగతో వచ్చాడనీ అనుకున్నాడు భీమరావు.

“పుట్టీ పెట్టింది నువ్వేనా?” అన్నాడు గిరీష్.

“పెట్టింది నేనే. గుద్దింది నేను గాదు సార్! దెబ్బ ఎట్ల తగిలిందని మేము అడగం. అడిగితే షెడ్డుకు ఒక్క బండీ రాదు.”

“అయితే బండి తెచ్చిందెవురు?”

ఆ బండి పాత యజమాని పోయి ఏడాది దాటిందని భీమరావుకు తెలుసు. చచ్చినవాడు లేచి వచ్చి కాదంటాడా?

“రామసముద్రం జయచంద్ర అని, ఆయనే. ఉగాది ముందర్రోజు పొద్దున్నే సొట్టతో తెచ్చినాడు. ఆవు అడ్డమొచ్చిందన్నాడు, తొందరగా కావాలన్నాడు.”

“నీ కండ్లతో సూసినావా ఆయన్ని?”

“సూసినా సార్. ఇప్పుడు నువ్వు నిలబడిన చోటే నిలబడినాడు. నా బిడ్డ మింద ఒట్టు.”

భయం కాస్త దిగింది. భీమరావు బెంచీ మీద కూలబడి నీళ్ల సీసా అందుకున్నాడు. గిరీష్ క్యానును జాగ్రత్తగా కింద పెట్టాడు. అతని కళ్లు ఎర్రబడ్డాయి, గొంతు మాత్రం పెరగలేదు.

“జయచంద్ర మా నాయనప్పా. ఆ ఉగాదికి పది దినాలు ముందు ఈ బండిని పెయింటుకని నీ షెడ్డులో పెట్టి, తాళంచెవి నీ చేతికిచ్చి, వేలూరు ఆస్పత్రిలో చేరినాడు. పండగ పొయినాకనే ఆడి నుంచి ఇంటికొచ్చినాడు.”