అన్ని డబ్బాలూ

“ఎవడ్రా నా బల్ల ముట్టింది?”

ఆ అరుపుకి వంటింట్లో కాఫీ పోస్తున్న ఆర్లిస్ చెయ్యి ఆగిపోయింది. భర్త వెర్లిన్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. కనుబొమలు కమిలిపోయాయి, చెంపంతా మసి. చేతిలో ప్రాణంగా చూసుకునే సన్నగుండు రైఫిలు.

“అయ్యో దేవుడా! ఏమైంది?”

“ఏమవుతుంది! బొరియ ఉడతని కొడదామని ట్రిగ్గర్ నొక్కితే నా మొహాన్నే పేలింది. కళ్ళద్దాలు లేకపోతే ఈపాటికి గుడ్డివాణ్ణి!”

వయోమింగ్‌లో వాళ్ళ బీడంతా ఉడతల బొరియలే. గుర్రం కాలు అందులో పడిందా, విరిగిందే. ఉడతల్ని కొట్టక తప్పదు. అయితే వెర్లిన్ కొట్లో తూటాలు కొనే రకం కాదు. పేలిన ఇత్తడి గొట్టాలు ఏరుకొచ్చి, షెడ్డులో తన బల్ల ముందు కూర్చుని, తనే తుపాకి మందు తూచి పోసి గుండు బిగిస్తాడు. బల్ల మీద ఒకసారికి ఒక్క మందు డబ్బాయే ఉండాలి, మిగిలిన మందు మళ్ళీ ఆ డబ్బాలోకే పోవాలి. ఆ నియమం తప్పినవాణ్ణి ఆయన మనిషిగా లెక్కవేయడు.

“రైఫిలు మందులో పిస్తోలు మందు కలిసింది! అది భగ్గున అంటుకునే రకం. ఎవడో వెధవ బల్ల మీద ఆటలాడి, మిగిలింది తోచిన డబ్బాలో ఒంపేశాడు.”

ఆయన చూపు భోజనాల బల్ల దగ్గర గుడ్లు తింటున్న అల్లుడు ట్రెంట్ మీద పడింది.

“నువ్వేనా?”

ట్రెంట్ అత్తగారి వంక చూశాడు. ఫోర్కు కింద పెట్టాడు.

“నేనే మామయ్యా. పోయిన వారం మీరు పశువుల సంతకి వెళ్ళినప్పుడు... నేర్చుకుందామని.”

“నా పీనుగు మీద నేర్చుకుంటావురా? ఈ దద్దమ్మ వద్దే అని అమ్మాయికి చిలక్కి చెప్పినట్టు చెప్పాను!”

“తప్పయిపోయింది.”

“తప్పా? గేటు వెయ్యకపోతే తప్పు. ఇది హత్య!”

ఆర్లిస్ కటువుగా అడిగింది. “ఆ ఒక్క డబ్బాయేనా, మిగతావీ కెలికావా? నిజం చెప్పు.”

ట్రెంట్ తల దించుకున్నాడు. “అన్నీ తెరిచాను అత్తయ్యా. చేసి పెట్టిన తూటాలు కూడా కలిపేశాను.”

అనుమానం తగిలిన మందుని బుద్ధున్నవాడెవడూ వాడడు. వెర్లిన్ విసవిసా షెడ్డుకి వెళ్ళి డబ్బాలన్నీ బయటికి తెచ్చాడు. ఒక్కొక్క డబ్బాకీ అల్లుణ్ణి ఒక్కో తిట్టు తిడుతూ, మందంతా పెరట్లో గులాబీలకి ఎరువుగా చల్లేశాడు. తూటాల పెట్టె తెచ్చి ట్రెంట్ కాళ్ళ దగ్గర ధనామని పడేశాడు.

“ఇవి షెరీఫ్ పోలీసు ఆఫీసులో అప్పజెప్పి, అటునుంచటే పో! మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టే ఓపిక నాకింక లేదు. నా చేతులు నరికేశావు కదరా! నా గడప తొక్కావంటే ఊరుకోను!”

తలుపు దడాలున మూసుకుంది.

ట్రెంట్ పెట్టె తీసుకుని పికప్ ఎక్కాడు. ఆర్లిస్ వెనకాలే పరుగున వచ్చింది. కిటికీలోంచి అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆమె కళ్ళల్లోంచి నీళ్ళు ధార కడుతున్నాయి.

“పోయిన వారమంతా నువ్వు అలాస్కాలో ఉన్నావని ఆయనకి గుర్తే లేదు, నాయనా.”