తోటల వైపు బాణం

మాస్టారి సైకిలు టైరు గాడుల్లో పోయిన ఆదివారం ఇరుక్కున్న కంకరను ఆమె హెయిర్‌పిన్నుతో ఒక్కొక్కటే పెకలించి, కింద పరిచిన పాత పేపరు మీద వేస్తోంది. అన్నీ తెల్లరాళ్ళే. ఏటి ఒడ్డువి. తోటల వైపు నేల ఎరుపు. ఆ ఎర్రమన్ను రవ్వంతైనా అంటిందేమోనని చక్రాన్ని మెల్లగా తిప్పి చూసింది. లేదు. ఏ వారమూ లేదు.

లోపలి గదిలో మాస్టారు దగ్గారు.

మాస్టారంటే ఆమె భర్తే. డ్రిల్లు మాస్టారుగా రిటైరయ్యాక ఊళ్ళో వాళ్ళకు సైకిలు పిచ్చి ఎక్కించారు. ఆదివారం వస్తే చాలు, ఇరవై మంది దాకా లావు టైర్ల సైకిళ్ళేసుకుని ఏటి పక్క కంకర దారిన పడతారు. ఆ దారి గీసిందీ, మలుపు మలుపుకీ బాణం బోర్డులు పాతిందీ ఆయనే. అందరినీ ముందు పంపి, పంక్చరైన వాళ్ళనూ ఆయాసపడే వాళ్ళనూ కూడగట్టుకుంటూ ఆయన చివర్న వస్తారు. ఈ వారం మాత్రం ముసుగుతన్ని పడుకున్నారు. శుక్రవారం నుంచీ జ్వరం.

ఏటి పంపుహౌసు దగ్గర దారి రెండుగా చీలుతుంది. ఎడమకు పోతే ఒడ్డు వెంట తిన్నగా సాగుతుంది. కుడికి పోతే ఎత్తెక్కి ద్రాక్ష తోటల్లోకి. ఆ తోటల్లో నీలం గేటు ఇల్లు వాళ్ళ కూతురిది.

కూతురు తోటలాయన్ని ఇష్టపడి చేసుకున్న రోజు మాస్టారు అన్న మాటలు వీధి వీధంతా విన్నది. ఆమె అడ్డుపడలేదు. తర్వాత ఫోను చేతిలోకి తీసుకున్నప్పుడల్లా ఆ సిగ్గే వేళ్ళు పట్టుకుని వెనక్కి లాగేది. మనవరాలు పుట్టిందని ఎవరో చెప్పగా విన్నాక రెండు పూటలు కంచం ముందు నుంచి లేచిపోయింది. అప్పుడు కాస్త దిగొచ్చారాయన.

"చుట్టంలా ఆ ఇంటికి నేను పోను. దారే అటు పోతే, మంచినీళ్ళకని ఆగుతాను. నువ్వు తొందరపడి ముందే వెళ్ళి నా పరువు తీయకు."

అలా బాణం తోటల వైపు తిరిగింది. మీ తోటల్లోంచి సైకిళ్ళు పోనివ్వండని అడిగితే, అందరికన్నా ముందు సరేనన్నది అల్లుడే. ఆమె ఊలు కొనుక్కొచ్చి చిన్న టోపీ అల్లింది. పొట్లం కట్టి ఆదివారం ఆయన సైకిలు చొక్కా వెనక జేబులో పెట్టింది.

టోపీ వెళ్ళింది వెళ్ళినట్టే తిరిగొచ్చింది.

"బాణాన్ని ఏటి వైపు తిప్పేశారు. నేను చేరేసరికి మనవాళ్ళంతా ఆ దారినే పోయారు. వాళ్ళను గాలికొదిలేసి నేను పైకెలా పోను?"

"ఎవరు తిప్పారు?"

"ఎవరికి అవసరం? పందిరి తీగలు బిగించుకునే వాళ్ళింట్లో స్పానర్లకు కరువా?"

మరుసటి వారమూ అంతే. ఆ పై వారమూ అంతే. ఆదివారం తిరిగొస్తూ ఆయన బాణాన్ని మళ్ళీ తోటల వైపు తిప్పి రావడం, శనివారం సాయంత్రం స్పానరు పట్టుకుని పంపుహౌసు దాకా వెళ్ళి బోల్టు బిగించి రావడం, ఆదివారం పొద్దుటికి బాణం తిరిగిపోయి ఉండటం. బిడ్డ తల పెరిగి ఉంటుందని ఆమె టోపీ విప్పి, ఇంకాస్త పెద్దది అల్లేది. అల్లుతున్నకొద్దీ మనసు విరిగిపోయేది. కన్నవాళ్ళ మీద ఇంత పట్టుదలా అనుకునేది. మా అమ్మాయికి గుండె లేదండీ అని ఒకనాడు పక్కింటావిడతో అనేసింది కూడా.

గేటు చప్పుడైంది.

మందుల షాపాయన. ఆయనా సైకిళ్ళ జట్టులో మనిషే. సైకిలు గోడకానించి, జ్వరం మాత్రలతో రొప్పుతూ వచ్చి మెట్టు మీద కూలబడ్డాడు. మోకాళ్ళ దాకా ఎర్రమన్ను.

ఆమె చేతిలో పిన్ను ఆగిపోయింది.

"మమ్మల్ని చంపడానికే గీశారమ్మా మాస్టారు ఆ ఎత్తు. ఇన్నాళ్ళూ హాయిగా ఏటి ఒడ్డున పోయేవాళ్ళమా, ఇవాళ చూస్తే బాణం పైకి చూపిస్తోంది. ఇక ఎక్కక తప్పుతుందా? నా పొట్ట ముందు, నేను వెనక."

ఆమె నవ్వలేదు. లోపల్నుంచి మాస్టారి గొంతు వచ్చింది.

"నేను రానని తెలిసుంటుంది. అందుకే తిప్పలేదు. చూశావా నీ కూతురి సంగతి?"

చూసింది. తండ్రి రాడంటేనే తెరుచుకునే గేటన్నమాట. కిటికీలో ఉన్న టోపీ పొట్లాన్ని చెత్తబుట్టలో పడేద్దామని చేతిలోకి తీసుకుంది.

మందుల షాపాయన లోపలికి వినబడేలా గొంతు పెంచాడు. "అమ్మాయికెలా తెలుస్తుంది మాస్టారూ? గేటు ముందు బల్లేసి, నీళ్ళూ గ్లాసులూ పెట్టి, బిడ్డను చంకనేసుకుని నిలబడుంది. ప్రతి ఆదివారం అలాగే పెట్టుకుంటుందట, ఒక్కరూ రారట. మాకు నీళ్ళిస్తోందన్నమాటే గానీ చూపంతా దారి మీదే. ఆఖర్న నేను వెళ్తే, మీ వెనక ఇంకెవరూ లేరా అంది. జ్వరమని నేను చెప్పాకే తెలిసింది పాపం."

లోపల దగ్గు ఆగిపోయింది.

ఆమె గదిలోకి వెళ్ళింది. పొట్లం ఇంకా చేతిలోనే ఉంది.

"అలా చూస్తావేం?" అన్నారు మాస్టారు, దుప్పటి గడ్డం దాకా లాక్కుంటూ.

ఈ ఒక్క శనివారమే గోడ మేకు మీంచి కదలని స్పానరును తీసి ఆయన దుప్పటి మీద పెట్టి, పొట్లాన్ని గుండెకు ఆనించుకుని, ఆమె గడప దాటింది.